ముద్ర యెవరి చేతిలో నుండవలెను?

పూర్వము రాచకార్యపు లేఖలపై లక్క కరిగించి, రాజముద్రిక నొత్తి పంపు వాడుక యుండెను. లేఖ నందుకొన్నవాడు మొట్టమొదట చూచునది లేఖలోని మాటలను గాదు, ముద్రను. ముద్ర చెదరకున్నచో లేఖ విప్పును. చెదరియున్నచో తెచ్చినవానిని నిలబెట్టి యడుగును. ఈ పద్ధతి కంతకును ఆధారమైన ప్రశ్న యొక్కటి కలదు: ఆ ముద్రిక యెవరి వ్రేలనున్నది? అది రాజు వ్రేలనున్నంతకాలమే ముద్రకు విలువ. అంగడిలో కోరినవానికెల్ల అమ్ముడుపోవునాడు ముద్ర లేకుండుటకంటె ముద్ర యుండుటయే యెక్కువ ప్రమాదము. ఏలన, ముద్రలేని లేఖను మనము సందేహింతుము. దొంగముద్ర గల లేఖను నమ్ముదుము.

ఈ పాతప్రశ్నయే నేడు కంప్యూటరు కెర్నెలులో మరల తలయెత్తియున్నది. కెర్నెలనగా ఆపరేటింగు సిస్టమునకు గర్భగృహము వంటిది. మెమొరీని ప్రోగ్రాములకు పంచుటయు, ఫైళ్లను తెఱచి మూయుటయు, నెట్‌వర్కు మీద వచ్చు ప్యాకెట్లను గ్రహించి తగిన ప్రోగ్రామునకు అందించుటయు దాని పనులు. అట్లు వచ్చిపోవు ప్రతి ప్యాకెట్టునకును భద్రతాముద్ర, అనగా సెక్యూరిటీ లేబిలు, ఉండవలెనా? ఉండవలెనన్నచో దాని నెవరు వేయవలెను, ఎంతవఱకు నమ్మవలెను? ఇది యింజనీర్ల యింటి జగడమని చదువరులు త్రోసివేయరాదు. మన ధనమును లెక్కపెట్టు యంత్రములలోను, మన రోగవివరములను దాచు యంత్రములలోను, తుదకు మన జేబులోని ఆండ్రాయిడు ఫోనులోను పనిచేయునది చాలవఱకు లినక్సు కెర్నెలే. అందలి తలుపు తెఱచియున్నచో దొంగ ప్రవేశించునది యింజనీరు ఇంటగాదు, మన యింట.

సామాన్యముగ కంప్యూటరులో అధికారము లెట్లు నడచునో మొదట గ్రహింతము. ఒకడు ఒక ప్రోగ్రామును నడపినప్పుడు ఆ ప్రోగ్రామునకు ఆ మనుష్యుని యధికారములన్నియు సంక్రమించును. అతడు చదువగల ఫైళ్లన్నిటిని అదియు చదువగలదు. అతడు పంపగల చోట్ల కెల్ల అదియు పంపగలదు. ప్రోగ్రాము నీతిగలదైనంతవఱకు చిక్కులేదు. ఎక్కడనో యొక లోపము పట్టుకొని పరాయివాడు దానిని వశపఱచుకొన్ననాడు, యజమానుని తాళముచెవుల గుత్తి యంతయు వాని చేత బడును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన పెద్దలన్న మాట ఇచ్చట అక్షరాల సత్యము. దొంగ బయటినుండి వచ్చినవాడే యైనను, ఇప్పుడు వాడు తొడుగుకొన్నది ఇంటివాని చొక్కా.

దీనికి విరుగుడుగా పుట్టినదే లేబిళ్ల పద్ధతి. అమెరికాలో మైటర్ సంస్థయందు పనిచేసిన డేవిడ్ ఎలియట్ బెల్, లెనార్డ్ లపాడులా అనువారు 1973లో, ఆ దేశపు వైమానికదళము నిమిత్తము, దీనికొక గణితరూపము నేర్పఱచిరి. దాని సారము రెండు నియమములు: తనకంటె పైమెట్టు రహస్యమును ఎవడును చదువరాదు, తన మెట్టు రహస్యమును క్రిందిమెట్టున ఎవడును వ్రాయరాదు. ముఖ్యమైన సంగతి యేమనగా, ఈ నియమములను మార్చు స్వాతంత్ర్యము ఫైలు యజమానునకు గూడ లేదు. అది కెర్నెలు చేతనున్న విధాయకము. 1983లో వెలువడి 1985లో సవరింపబడిన అమెరికా రక్షణశాఖవారి ప్రమాణగ్రంథము, అట్ట రంగునుబట్టి నారింజపుస్తకమని పేరుపొందినది, ఉన్నతశ్రేణి యంత్రములకు ఈ లేబిళ్లను తప్పనిసరి చేసెను. ఆ వంశమునందు జన్మించినదే ఎస్‌ఈలినక్సు. దానిని అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీవారు 2000 డిసెంబరులో బహిరంగముగ విడుదలచేసిరి. 2003 డిసెంబరులో వెలువడిన 2.6.0 కెర్నెలుతో అది లినక్సునందు అంతర్భాగమైనది. 2014నాటి ఆండ్రాయిడు 5.0 నుండి ప్రతి ఆండ్రాయిడు ఫోనునందును పూర్తిగ అమలులో నున్నది.

ఫైలునకు లేబిలు వేయుట సులభము; అది యున్నచోటనే యుండును. నడచుచున్న ప్రోగ్రామునకు వేయుటయు సులభము. అది కెర్నెలు కనుసన్నలలో నుండును. ప్యాకెట్టు కథ వేఱు. అది బయటినుండి వచ్చును, బయటికి పోవును. అది తన వెంట తెచ్చునది పంపినచోటి అడ్రసు, చేరవలసిన అడ్రసు, పోర్టు సంఖ్యలు మాత్రమే. వాకిటనుండు ఫైర్‌వాలు ఈ సంఖ్యలను జూచి విడుచును, లేదా ఆపును. కాని అడ్రసు ఇంటి నంబరే గాని మనిషి పేరు కాదు. ఒకే యింటినుండి సజ్జనుడును బయలుదేరును, దుర్జనుడును బయలుదేరును. ఏ ప్రోగ్రాము పంపినది, ఏ ప్రోగ్రామునకు చెందవలెను అను విషయము అడ్రసులో లేదు. ఫైలుచుట్టును ప్రోగ్రాముచుట్టును ఎత్తుగ గోడలు కట్టి, నెట్‌వర్కు వైపు మాత్రము బయలుగ విడిచినచో, ఆ కోటకు మూడు ప్రక్కలు గోడలు, నాలుగవ ప్రక్క రాజమార్గము.

ఈ నాలుగవ ప్రక్కను కట్టుటకు మూడు విధముల ప్రయత్నములు జరిగినవి. వానిని వేర్వేఱుగ పరిశీలించినగాని న్యాయనిర్ణయము కుదురదు.

మొదటిది, లేబిలును ప్యాకెట్టుమీదనే వ్రాసి పంపుట. ఇది క్రొత్త యూహ గాదు. 1981 సెప్టెంబరులో ఇంటర్నెట్టు ప్రోటోకాలును నిర్ణయించిన 791వ ఆర్‌ఎఫ్‌సీలోనే రహస్యపు మెట్టును తెలుపు ఆప్షను కొకచోటు విడువబడియున్నది. 1991లో 1108వ ఆర్‌ఎఫ్‌సీ అమెరికా రక్షణశాఖ యుపయోగమునకై దానిని విపులీకరించెను. 1992లో సిప్సో యను మఱొక పద్ధతికి ముసాయిదా తయారైనది. అది ఆర్‌ఎఫ్‌సీగ స్థిరపడకయే వ్యాపించి, 1994లో 188వ సంఖ్యగల అమెరికా ఫెడరల్ ప్రమాణమున కాధారమై, ఆ ప్రమాణమే 2015లో ఉపసంహరింపబడినను, నేటికిని వాడుకలో నున్నది. లినక్సులో దీనిని పాల్ మూర్ రచించిన నెట్‌లేబిల్ అను భాగము 2006 నవంబరునాటి 2.6.19 కెర్నెలునుండి నిర్వహించుచున్నది. ఐపీ ఆఱవ సంచికకు దీని తమ్ముడగు కాలిప్సో 2009లో 5570వ ఆర్‌ఎఫ్‌సీగ వెలువడి, 2016లో 4.8 కెర్నెలున చేరినది.

ఈ పద్ధతిలోని యిఱుకు ఎంతటిదో అంకెలలో చూడుడు. ఐపీ నాల్గవ సంచికలో ప్యాకెట్టు శీర్షికకు హద్దు 60 బైట్లు. అందు 20 నిత్యావసరములకు పోగా ఆప్షనులకు మిగులునది 40. సిప్సోలో మొదటి 6 బైట్లు ఆప్షను గుర్తునకును, దాని పొడవునకును, ఏ సంస్థవారి పరిభాషలో లేబిలు చదువవలెనో తెలుపు సంఖ్యకును పోవును. తర్వాతి 4 బైట్లు ట్యాగు వివరములకును, రహస్యపు మెట్టునకును పోవును. మిగిలినవి 30 బైట్లు, అనగా 240 బిట్లు. కావున సామాన్యపు ట్యాగులో 240 వర్గములకు మించి తెలుపుట సాధ్యముగాదు. ఒక గొప్ప సంస్థయొక్క రహస్యవిభాగము లన్నియు ఈ చీటీముక్కపై ఒదుగవలెను.

ఇఱుకును సహింపవచ్చును. సహింపరానిది మఱొకటి కలదు. ఈ లేబిలునకు లక్కలేదు. దానిని వ్రాసినవాడెవ్వడో నిరూపించు సాక్ష్యము ఆ ప్యాకెట్టులో లేదు. త్రోవలో ఎవడైనను తుడిచి తిరుగవ్రాయవచ్చును. బయటివాడెవ్వడైనను స్వయముగ వ్రాసి పంపవచ్చును. 2003 ఏప్రిలు 1వ తేదీన స్టీవెన్ బెల్లోవిన్ అను పండితుడు పరిహాసముగ ప్రకటించిన 3514వ ఆర్‌ఎఫ్‌సీని ఇచ్చట స్మరింపకుండ నుండజాలము. దురుద్దేశముతో పంపబడు ప్యాకెట్లలో ఒక బిట్టును ‘దుష్టము’ అని గుర్తుపెట్టవలెననియు, అప్పుడు ఫైర్‌వాళ్లు వానిని సులువుగ ఆపగలవనియు అతడు ప్రతిపాదించెను! లోకము నవ్వెను. నవ్వు చల్లారినపిమ్మట మిగులు నీతి యేమి? దొంగ తాను దొంగనని చొక్కామీద వ్రాసికొని రాడు. వ్రాసికొన్నచో దొరయని వ్రాసికొనును. తనను గూర్చి తానే చెప్పుకొను మాటను, సాక్షి లేక నమ్ముట పరిపాలన గాదు. సిప్సోను, కాలిప్సోను తీర్చినవా రీ సత్య మెఱుగనివారు గారు. తీగ మొదలు తుదవఱకు ఒకే యజమానుని కావలిలోనున్న మూసిన నెట్‌వర్కులకే అవి ఉద్దేశింపబడినవి. తప్పు ఆ పద్ధతిది గాదు. దానిని వీథిలోనికి తెచ్చి వాడదలచువారిది.

రెండవ ప్రయత్నము లేబిలు గల ఐపీసెక్. ఇందు లేబిలును ప్యాకెట్టుపై వ్రాయరు. రెండు యంత్రములును రహస్యపు తాళముచెవులను మార్చుకొని సంబంధము నేర్పఱచుకొనునప్పుడే, ఈ సంబంధము ఫలాని లేబిలునకు చెందినదని ఒప్పందము చేసికొనును. ఆపైన ఆ సంబంధముమీద వచ్చు ప్రతి ప్యాకెట్టును ఆ తాళముచెవియే సాక్ష్యమిచ్చును. ఇది నిజముగ లక్కతో వేసిన ముద్ర. 2006 మార్చినాటి 2.6.16 కెర్నెలున ఇది చేరినది. కాని దీని వ్యయము స్వల్పముగాదు. లేబిలునకొక సంబంధము చొప్పున ఏర్పఱచుకొనవలెను. ప్రతి ప్యాకెట్టును గూఢలిపి లెక్కలకు గుఱిచేయవలెను. రెండు కొనలయందును ఒకే విధానము నెఱిగిన యంత్రము లుండవలెను. దూరపు మిత్రునకు వ్రాయు రాచలేఖకు ఇది తగును. ఇంటిలో ఒక గదినుండి మఱొక గదికి చీటీ పంపుటకు ఇంత లక్క అనవసరము.

మూడవది సెక్‌మార్కు. జేమ్స్ మారిస్ రచించిన యీ భాగము 2006 సెప్టెంబరునాటి 2.6.18 కెర్నెలులో చేరెను. దీని మార్గము పై రెండింటికిని భిన్నము. ప్యాకెట్టు బయట ఏమి వ్రాసికొని వచ్చెనో దీనికి పనిలేదు. ప్యాకెట్టు మన గుమ్మమున అడుగిడగనే, మన ఫైర్‌వాలు మన నియమముల ననుసరించి దానికొక లేబిలు వేయును: ఇది వెబ్ సర్వరునకు వచ్చినది, ఇది డేటాబేసునుండి వచ్చినది, ఇది పేర్ల విచారణకు సంబంధించినది అని. మొదటి ప్యాకెట్టునకు వేసిన లేబిలును ఆ సంభాషణ యంతటికిని జ్ఞాపకముంచి, వెనువెంట వచ్చువానికిని అదియే వర్తింపజేయు నేర్పాటును కలదు. ఆ పిమ్మట ఎస్‌ఈలినక్సు విధానము, ఏ ప్రోగ్రాము ఏ లేబిలుగల ప్యాకెట్టును పుచ్చుకొనవచ్చునో, ఏది పంపవచ్చునో నిర్ణయించును. ఈ లేబిలు తీగపైకి పోదు. యంత్రము దాటి బయట దానికి అర్థములేదు. ముద్రిక మన వ్రేలనే యుండును.

దీని ప్రయోజనమును ఒక్క యుదాహరణముతో చూపుదుము. ఒక కార్యాలయమున వెబ్ సర్వరు కలదు. దాని లోపము నొకటి పట్టుకొని పరాయివాడు దానిని వశపఱచుకొనెను. ఇప్పుడు వాడా సర్వరునందు కూర్చుండి, లోపలి నెట్‌వర్కునందలి యితర యంత్రముల తలుపులు తట్టదలచును. దొంగిలించిన సమాచారమును ఏదో యొక పోర్టుద్వారా బయటికి దాటింపదలచును. సాధారణపు ఫైర్‌వాలు, ఈ యంత్రమునకు పేర్ల విచారణ అవసరమే, ఉత్తరములు పంపుట అవసరమే యని ఆ పోర్టులను విడిచియుండును. అడుగుచున్న ప్రోగ్రామెద్దియో దానికి తెలియదు. లేబిళ్లున్న యంత్రముననో, ఉత్తరముల ప్యాకెట్టును పంపు నధికారము ఉత్తరముల ప్రోగ్రామునకే గాని వెబ్ సర్వరునకు లేదు. ఎంతటి యధికారియైన యూజరు పేరుతో నడచుచున్నను కెర్నెలు కాదనును. దొంగ ఇంట జొరబడుట నిజమే. కాని వాడు జొరబడిన గది తలుపు బయటనుండి గడియ పడియున్నది. మిగిలిన యిల్లు దక్కినది.

ఇంత మేలైన సాధన మున్నను, దాని వాడుక యెట్లున్నదో చెప్పుటకు సిగ్గగుచున్నది. సెక్‌మార్కు నియమములను ఎవరును వ్రాయనిచో, లేబిలు గల సంబంధములును ఏర్పడియుండనిచో, ఎస్‌ఈలినక్సు ప్యాకెట్టు పరిశీలనను సామాన్యముగ చేయనే చేయదు. ఎల్లప్పుడును పరిశీలింపుమని విధానమున ప్రత్యేకముగ చెప్పినగాని చేయదు. అనగా నాలుగవ గోడకు ఇటుకలు కెర్నెలుతోపాటే వచ్చును, కట్టువాడు లేడు. అంతేగాదు. ఏదో యొక ప్రోగ్రాము ఎస్‌ఈలినక్సు వలన ఆగిపోయినంతనే, కారణము విచారింపక, మొత్తము ఎస్‌ఈలినక్సునే నిలిపివేయుట అనేక కార్యాలయములలో ఆచారమైపోయినది. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొనుట ఇదియేకదా! నిరోధింపక వ్రాసికొనుట మాత్రము చేయు స్థితి ఎస్‌ఈలినక్సులోనే కలదు. కొన్నిదినములు అట్లు నడిపి, ఏయే ప్రోగ్రాములు ఏయే ప్యాకెట్ల నడుగుచున్నవో లెక్కదీసి, అవసరమైనవానికి మాత్రము అనుమతి వ్రాసి, పిమ్మట నిరోధస్థితికి మార్చినచో ఈ గోల యుండదు. ఆ లెక్కను చదువకయే, వచ్చిన నిరాకరణ నెల్ల అనుమతిగ మార్చు పనిముట్టును గ్రుడ్డిగ నడుపువారును కలరు. అది తలుపునకు తాళమువేసి, తాళముచెవిని గొళ్లెమునకే వ్రేలాడదీయుట వంటిది.

ఇక ప్రతిపక్షుల వాదములను విచారింతము. వానిలో మూడు గట్టివి.

మొదటి వాదము నెట్‌వర్కు భాగమును పోషించువారిది. కెర్నెలులో ప్రతి ప్యాకెట్టునకును ఒక పత్రమువంటి నిర్మాణ ముండును. దానిని ఎస్‌కే-బఫ్ అందురు. దానిని ఒక్క బైటు పెంచుటకైనను వారు సులభముగ సమ్మతింపరు. వారిని పిసినారులని నిందించుట అన్యాయము. సెకనునకు 10 గిగాబిట్ల తీగపై అతిచిన్న ప్యాకెట్లు వచ్చునప్పుడు సెకనున కొకకోటి నలుబదియెనిమిది లక్షలకు పైగా రాగలవు. ఒక్కొక్కదానికి దక్కు కాలము సుమారు 67 నానోసెకనులు. ఇట్టిచోట పత్రమున చేర్చు ప్రతి యక్షరమునకును సుంకము చెల్లింపవలసినవారు, లేబిళ్లను కోరనివారుగూడ నగుదురు. కావుననే సెక్‌మార్కునకు దక్కినది 32 బిట్ల సంఖ్య మాత్రమే. మా అభిప్రాయమున ఇది న్యాయమైన రాజీ. ప్రతి రైతు భూమి చరిత్రయంతయు కరణము చీటీపై వ్రాయడు. ఖాతా నంబరు వేయును, చరిత్ర దఫ్తరములో నుండును. అట్లే ప్యాకెట్టుపై సంఖ్య, దాని యర్థము కెర్నెలు పట్టికలో. అయితే ఒకే యంత్రమున రెండుమూడు భద్రతాభాగములు కలిసి పనిచేయదలచినప్పుడు ఈ యొక్క సంఖ్యకై పోటీ యేర్పడును. కేసీ షాఫ్లర్ మొదలగువారు బహుకాలముగ పరిశ్రమించుచున్న యీ చిక్కునకు పరిష్కారము పత్రమును పెంచుటలోగాక, ఆ సంఖ్య చూపు పట్టికను విశాలము చేయుటలో వెదకదగును.

రెండవ వాదము దీనికంటె గట్టిది. లేబిళ్లను చదువు కోడే దొంగకు దారియైనచో? ఇది ఊహ గాదు. సీవీఈ-2020-10711 అను లోపము సిప్సో లేబిలులోని వర్గముల బిట్లను ఎస్‌ఈలినక్సు రూపమునకు మార్చుచోట నుండెను. 5.7నకు ముందు కెర్నెళ్లలో, దూరముననున్నవాడు తగినట్లు తయారుచేసిన ప్యాకెట్టు పంపి యంత్రమును కూలద్రోయ వీలయ్యెను. సీవీఈ-2021-33033 అనునది సిప్సో పరిభాషాపట్టికల లెక్క తప్పుటవలన, విడిచివేసిన మెమొరీని మరల వాడిన లోపము. కావలికై వేసిన కంచెయే చేను మేసినది. దీనిని దాచిపెట్టి లేబిళ్లను పొగడుట మాకిష్టముగాదు. కాని ఈ రెండు లోపములును ఎచ్చట నున్నవో గమనింపుడు. రెండును, పరాయివాడు వ్రాసిన లేబిలును చదువుటకో, పరాయివాని కొఱకు లేబిలు వ్రాయుటకో ఏర్పడిన భాగమునందున్నవి. మన గుమ్మమున మనమే వేయు లేబిలునందు గాదు. కావున ఈ లోపములు లేబిళ్లకు విరుద్ధసాక్ష్యములు గావు. ముద్రిక మన చేతనే యుండవలెనను సిద్ధాంతమునకు అనుకూలసాక్ష్యములు. కొలదిమంది మాత్రమే వాడు కోడును కొలదిమందియే చదువుదురు. కొలదిమంది చదువు కోడులో తప్పులు చిరకాలము నిదురించును. అట్టి భాగమును అవసరములేని యంత్రముల కెర్నెలులో చేర్చి పంపుట, కాపురముండని గదికి కిటికీ పెట్టి తెఱచియుంచుటయే.

మూడవ వాదము మన దేశీయులలో వినబడునది. ఎస్‌ఈలినక్సు పుట్టినది పరదేశపు గూఢచారశాఖ యింట. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన పత్రములవలన ఆ శాఖ లోకమంతటి సంభాషణలను ఏవిధముగ ఆలకించుచుండెనో తెలిసినది. అట్టివారి చేతితాళమును మన తలుపునకు వేసికొందుమా? ఈ సందేహము దేశాభిమానము గలవారి కెల్ల కలుగదగినదే. కాని సందేహమునకు సమాధానము పరిశీలనయే గాని బహిష్కారము గాదు. ఈ తాళము మూసిన పెట్టెలో వచ్చినది గాదు. దాని ప్రతి పంక్తియు బహిరంగముగ నున్నది, పుట్టినింటితో సంబంధములేని, పరస్పరము స్పర్ధించు సంస్థలవారు యిరువది సంవత్సరములకు పైగా దానిని చదివి సవరించుచున్నారు, 2.6.25 కెర్నెలునుండి స్మాక్ అను మఱొక భాగమును ప్రత్యామ్నాయముగ నున్నది. అన్నిటికంటె ముఖ్యము, ఏ ప్రోగ్రాము ఏమి చేయవచ్చునను విధానమును వ్రాయువాడు యంత్రమును పాలించువాడే. మన సీ-డాక్ వారు 2007లో వెలువరించిన బాస్ ఆపరేటింగు సిస్టమునకును ఆధారము లోకమంతయు వాడు లినక్సు కెర్నెలే. కెర్నెలులో మన భాగ మింతయని కోరుటకు హక్కు గలదు. ఆ హక్కును చదువనేర్చినవారు, వ్రాయనేర్చినవారు మాత్రమే అనుభవింపగలరు. పరాయివాడు వ్రాసినదని చదువక త్రోసివేయుటయు, పరాయివాడు వ్రాసినదని చదువక నమ్ముటయు ఒకే దాస్యమునకు రెండు ముఖములు.

కాలము మాఱినకొలది ఈ ప్రశ్న మఱింత తీవ్రమగుచున్నదేగాని తగ్గుటలేదు. నేడు ఒక్క యంత్రముననే వందలకొలది కంటైనర్లు పుట్టుచు గిట్టుచుండును. ఉదయము ఒక ప్రోగ్రామున కిచ్చిన అడ్రసు మధ్యాహ్నమునకు మఱొక ప్రోగ్రామునకు పోవును. అడ్రసునుబట్టి మంచిచెడ్డలు నిర్ణయించు నియమములు ఇట్టిచోట ఇసుకపై వ్రాతలు. సీలియమ్ వంటి నూతనసాధనములు ప్రతి కంటైనరు సముదాయమునకును ఒక గుర్తింపుసంఖ్య నిచ్చి, అడ్రసునుబట్టి గాక ఆ సంఖ్యనుబట్టి ప్యాకెట్లను విడుచుచున్నవి, ఆపుచున్నవి. వేషము క్రొత్తదేగాని వేషధారి పాతవాడే. లేబిలు అక్కఱలేదని యిరువది సంవత్సరములు త్రోసివేసినవారు, నేడు మఱొక పేరుతో లేబిలునే ఆహ్వానించుచున్నారు. మంచిదే, కాని పాతపాఠమును మఱువకుందురుగాక. ఆ సంఖ్య ఒక యంత్రమునుండి మఱొక యంత్రమునకు ప్రయాణము చేయునపుడు త్రోవలో దానికి లక్క యున్నదా, లేదా యని అడుగకుండ నమ్మినచో, 1981నాటి చిక్కే మరల దాపురించును.

ఇంతవఱకు చేసిన విచారణనుండి మాకు తోచిన కర్తవ్యములు మూడు. ప్రజల ధనమును, ఆరోగ్యమును, గుట్టును కాపాడు ప్రతి సర్వరునందును, బయటి తీగతో సంబంధములేని స్వగృహపు లేబిళ్లు అమలులో నుండవలెను. ప్యాకెట్టు పరిశీలన ఎల్లప్పుడును జరుగునట్లు విధానము వ్రాయవలెను. ఇది సర్వర్లను కూర్చి పంపువారి బాధ్యత, వానిని నడపువారి బాధ్యత. బయటినుండి వచ్చు లేబిలును, తాళముచెవి సాక్ష్యమున్నప్పుడో, తీగ యంతయు మన కావలిలోనున్నప్పుడో మాత్రమే గౌరవింపవలెను. తక్కినవన్నియు లేబిలు లేనివిగనే పరిగణింపబడి, అత్యల్పమైన అధికారముతో లోనికి రావలెను. పరాయి లేబిళ్లను చదువు కోడును, కోరినవారి యంత్రములందు దప్ప తక్కినచోట్ల తొలగించియుంచవలెను. ఉన్నచోట వికృతమైన ప్యాకెట్లను లక్షలకొలది పంపి దానిని ఎడతెగక పరీక్షించుచుండవలెను.

ఇవి గొప్ప వ్యయముతో గూడిన పనులు గావు. సాధనములు 2006నుండి మన చేతిలోనే యున్నవి, కొఱవడినది ఓర్పు. ఒక నిరాకరణ కనబడినప్పుడు దానిని పూర్తిగ చదువు నోర్పు, దాని కారణమును గ్రహించు నోర్పు, ఒక్క నియమమును సరిగ వ్రాయు నోర్పు. యంత్రమును పాలించువాడు ఆ యోర్పును చూపనినాడు పాలన వాని చేతిలో నుండదు. ముందుగ తలుపు తట్టిన అపరిచితుని చేతికి పోవును. ముద్రికను వ్రేలనుంచుకొనుట బరువని దానిని గుమ్మముమీద పెట్టి నిదురించిన యజమానుడు, తెల్లవారి లేచి తన పేరిట జరిగిన వ్రాతలకు తాను బాధ్యుడను గానని చెప్పుకొన్నచో వినువా రెవ్వరు?